పాకాల గట్టున వనభోజనము

మన పూర్వులు సంతానములు ఏడని లెక్కపెట్టిరి. కడుపున పుట్టిన కొడుకొక్కడే సంతానము కాడు. చెఱువు త్రవ్వించుట, వనము వేయించుట, దేవాలయము కట్టించుట, కృతి నందుట, నిధి నిలుపుట, అగ్రహార మిచ్చుట, ఇవియు సంతానములే యనిరి. నేను తరగతిలో ఈ మాట చెప్పినప్పుడెల్ల బాలికలలో నెవరో యొకరు లేచి "కూతురు లెక్కలో లేదేమండీ?" అని యడుగుదురు. లెక్కపెట్టినవారు పురుషులు కావున అట్లయినదని చెప్పి పాఠము సాగింతును. అంతకంటె మంచి సమాధానము నాకు ఇంతవఱకు దొరకలేదు. ఆ సంగతి యటుండగా, ఆ యేడింటిలో చెఱువునకును వనమునకును ఒక విశేషము కలదు. కొడుకు తండ్రి యాస్తిని తానే యనుభవించును. నిధి దొరకినవానిది. అగ్రహారము పుచ్చుకొన్నవారిది. చెఱువునీరును చెట్టునీడయు మాత్రము ఎవరు వచ్చినను కాదనవు. కాదనుట మనుష్యులు నేర్చిన విద్య.

ఓరుగల్లు సీమలో నర్సంపేట దాటిన పిమ్మట ఆ రెండు సంతానములును ఒక్కచోట నున్నవి. ఆ చోటి పేరు పాకాల. హనుమకొండలో మే ముండు వీధినుండి సుమారు 50 కిలోమీటర్లు. ప్రత్తిచేలు, మిరపతోటలు గడచిన తరువాత బాట అడవిలో ప్రవేశించును. టేకు, మద్ది, ఏగిస, తునికి, మోదుగ చెట్లును, వెదురుపొదలును ఇరువైపుల కమ్ముకొని వచ్చును. మఱి కొంతసేపటికి ఆ యడవి యొక్కసారిగా తొలగి కన్నుల యెదుట నీరు పఱచుకొనును. మొదటిసారి చూచినవారు దీనిని చెఱువని నమ్మరు. నిండినప్పుడు సుమారు 30 చదరపు కిలోమీటర్ల మేర నిలుచు నీటిని చెఱువనుటకు నోరాడదు. 1952లో ప్రభుత్వమువారు ఈ చుట్టుపట్ల యడవిని వన్యప్రాణుల సంరక్షణస్థానముగా ప్రకటించిరి. దాని వైశాల్యము 800 చదరపు కిలోమీటర్లకు పైబడినది. చిఱుతలు, ఎలుగులు, దుప్పులు, మనుబోతులు అందు కలవు. మాకు కనబడినవి కోతులు మాత్రమే. అవియు మమ్ము గాక మా సంచులను చూడవచ్చినవి.

ఈ చెఱువు కట్టిన తీరు చెప్పకుండ ముందునకు పోజాలను. రెండు చిన్న గుట్టల నడుమ సందుచేసికొని యొక యేరు పాఱుచుండెడిది. ఆ సందు మూయుచు మైలునకు పైగా పొడవైన కట్ట వేసిరి. గుట్టలు రెండును రెండు చేతులవలె నీటిని పట్టుకొన్నవి. పొలములకు నీరు విడుచుటకు తూములు, మితిమీఱిన నీరు కట్టను కోయకుండ ప్రక్కగా పొర్లిపోవుటకు మత్తడి. కాకతి గణపతిదేవుడు 1199 మొదలు 1262 వఱకు రాజ్యము చేసెను. ఆయన యేలుబడిలో, 13వ శతాబ్దారంభమున, జగదాల ముమ్మడి యనువాడు దీనిని కట్టించెనని శాసనము చెప్పుచున్నది. ఎనిమిది వందల యేండ్లు గడచినవి. కోట గోడలు పడిపోయినవి, రాజ్యములు మాఱినవి. కట్ట మాత్రము నీటిని మోయుచునే యున్నది. ఇక్కడ పుట్టిన మున్నేరు ఖమ్మము మీదుగా పోయి కృష్ణలో కలియును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ఖమ్మములోని యిండ్లలో జొరబడినది ఈ మున్నేరే. ఏటిని అడవిలో కట్టిపెట్టుట యెంతటి పనియో, ఆ దినములలో ఖమ్మమున నున్నవారికి ఒకరు చెప్పనక్కఱలేదు.

కట్టించినవాని పేరు శాసనమున నిలిచినది. కట్టినవారి మాట యేమి? ఇట్టిచోట్లకు పోయినప్పుడు నాకు కడప మండలములోని పోరుమామిళ్ల శాసనము జ్ఞప్తికి వచ్చును. 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు అచ్చట నొక చెఱువు కట్టించి సంస్కృతమున శాసనము వేయించెను. మంచి చెఱువునకు కావలసిన అంగములు పండ్రెండని అందున్నది. రాజు కావలెను, జలశాస్త్ర మెఱిగిన బ్రాహ్మణుడు కావలెను, గట్టినేల, తీయనినీటి యేరు, కొండ, రాతికట్ట, ఇట్లు చెప్పుకొనిపోయి కట్టుటలో నేర్పుగల జనసమూహమును కడపట చేర్చినది. వెయ్యిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండు సంవత్సరములు పట్టినవని గూడ లెక్క చెప్పినది. పేర్లు లేవు, తుదకు తల లయినను లెక్కకు వచ్చినవి. శాసనములలో ఇంతమాత్రపు ఔదార్యమును తఱచుగా కనబడదు.

ఇక మేము పోయిన సంగతి. కార్తికమాసమున నొక ఆదివారమునాడు నేనును, నా భార్యయు, మా అక్కయు, తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయియు బయలుదేఱితిమి. మా అక్క చిన్నతనముననే భర్తను పోగొట్టుకొన్నది. ముప్పది యేండ్లుగా మా యింటనే యున్నది. ఆమె ఎన్నో కార్తికములు ఉపవాసము లున్నది, దీపములు పెట్టినది. ఉసిరిచెట్టు క్రింద భోజనమునకు ఆమెను పిలిచినవారు మాత్రము అరుదు. పిలిచినచోట పొయ్యిదగ్గఱ పని యుండెడిది.

అందుచేత పొయ్యి పెట్టరాదని ఇంటనే తీర్మానించుకొంటిమి. పులిహోర, దద్ధ్యోజనము, వేయించిన సెనగలు డబ్బాలలో పెట్టుకొంటిమి. పులిహోర కలుపుటలో నాకు కొంత పేరు కలదు. నిమ్మకాయలు పిండుటలో మా అమ్మాయికి నాకంటె ఓపిక యెక్కువ. ప్లాస్టికు పళ్లెములు తీసికొనిపోక మోదుగాకుల విస్తళ్లు తీసికొనిపోయితిమి. ఈ మాట గొప్పకు చెప్పుట కాదు. పోయినచోట ఎండిన ఆకులలో ఆకులై కలిసిపోవు వస్తువు మన సీమలోనే యుండగా, వేయేండ్లకును చీకని దానిని కొని తెచ్చి అడవిలో పాఱవేయుట యే నాగరికతయో నాకు తెలియదు. మత్తడిప్రక్క పొదలలో అట్టివి తెల్లగా కుప్పలు పడియుండెను. ఒక కోతి యందులో నొకదానిని తలపై బోర్లించుకొని కూర్చున్నది.

చెట్లక్రింద జనము కిటకిటలాడుచుండెను. కార్తికమాసము కదా యని సంతోషించితిని. దగ్గఱకు పోయి చూడగా ఆ సంతోషము నిలువలేదు. మూడుచోట్ల మూడు గుంపులు. ప్రతి గుంపునకును ముందు రెండు చెట్లకు కట్టిన పెద్దగుడ్డ. దానిపై ఒక కులముపేరు, ఆ కులపు పెద్దల చిత్రములు, "వనభోజన మహోత్సవము" అను అక్షరములు. ప్రతి గుంపునకును వేర్వేఱుగా ధ్వనివర్ధక యంత్రము. ఒకరి యుపన్యాసము మఱియొకరి పాటలో పడి రెండును అర్థము కాకుండ పోవుచుండెను. గుంపుల నడుమ గీతలు గీసినవారు లేరు. అయినను ఒక చెట్టుక్రింది పిల్లవాని బంతి మఱియొక చెట్టుక్రిందికి దొరలినప్పుడు వాని తల్లి వానిని ఆపి, తానే పోయి తెచ్చి యిచ్చెను. ఆ బంతిని నేను మఱవలేకున్నాను.

చదువరులు నన్ను తొందరపాటువాడని తలపకుందురు గాక. ఈ సంఘములవలన మేలు జరుగలేదని నేననను. నేనును చిన్ననాడు ఒక కులసంఘమువారు నడుపు వసతిగృహమున నుండి, వారు పెట్టిన యన్నము తిని చదువుకొంటిని. ఆ యన్నమును కాదనుట కృతఘ్నత. పల్లెనుండి వచ్చిన బీదపిల్లవానికి పట్టణమున తలదాచుకొను చోటు ఇంకెవరును చూపని కాలమున వారు చూపిరి. ఆనాడును వేదికమీద మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్లలకు బహుమతు లిచ్చుచుండిరి. వారిలో మా పాఠశాలలో చదువు బాలికయు నుండెను. దూరమునుండియే నాకు నమస్కరించినది. నేను చప్పట్లు కొట్టితిని. నిచ్చెన వేసి మేడ నెక్కించుట మంచిదే. ఎక్కినవాడు దానిని అడ్డముపెట్టి దడిగా కట్టుకొన్నప్పుడే నాకు పేచీ.

అక్కడ మా వీధివారొకరు కనబడి నన్ను తమ పందిరిక్రిందికి రమ్మనిరి. నేను రానంటిని. "ఏమండీ మాస్టారూ, సంవత్సరమున కొక్కనాడు మనవాళ్లమందఱము కూడి భోంచేయుట కూడ తప్పేనా?" అనిరి. ఆయన మంచివారు, కష్టమునకు నిలుచువారు. ఆయనతో నేను చెప్పిన మాట యిది: మనవాళ్లతో మనము తినుట సంవత్సరమున కొక్కనాడు కాదు, తక్కిన మున్నూట అఱువది నాలుగు దినములును చేయుచున్నదే. ఇంట వంటగది కలదు, దానికి గడప కలదు, కొన్ని యిండ్లలో మడి యింకను కలదు. వనములో ఇవి యేవియు లేవు. గోడలేని చోట, చెట్టుక్రింద, నేలమీద విస్తరి వేసికొని తినుమని చెప్పినవారు ఏ యుద్దేశముతో చెప్పిరో గాని, మనకొక తెఱపి యిచ్చిపోయిరి. ఆ తెఱపిలో గుడ్డతో గోడ కట్టుటకు 50 కిలోమీటర్లు రావలయునా? ఆయన నవ్వి, "మీ మాట బాగుగనే యున్నది, పత్రికకు వ్రాయుడు" అని వెళ్లిపోయిరి. అందుచేత వ్రాయుచున్నాను.

మా అక్క దృష్టి యింకొకదానిమీద పడెను. ప్రతి పందిరి వెనుకను పెద్ద పొయ్యిలు, వాని చుట్టును స్త్రీలు. తెల్లవాఱుజామున వచ్చి మధ్యాహ్నమువఱకు వంట, పిదప వడ్డన, పిదప గిన్నెలు. పొగ కన్నులలో పోవుచుండగా వంకాయలు తఱుగుచున్న యొకామెను మా అక్క పలుకరించి "చెఱువు చూసినవా, చెల్లె?" అని యడిగినది. "ఎక్కడక్కా, పోయేటప్పుడు బస్సుల నుంచి చూస్త" అని ఆమె జవాబు. నూఱడుగుల దూరములో గణపతిదేవుని నాటి జలరాశి. నీటికాకులు రెక్కలు చాపి ఎండ కాచుకొనుచున్నవి. వీరు మాత్రము ఇంటి పొయ్యిని అడవికి మోసికొనివచ్చి, అక్కడను దానినే చూచి మరలిపోవుచున్నారు. పురుషులు వేదికమీద స్త్రీజనోద్ధరణమును గూర్చి మాటాడుచుండిరని వ్రాసినయెడల కల్పించితినని తలతురు. కాని నిజమే.

మేము కట్టవెంట చాలదూరము నడచితిమి. గుంపుల చప్పుడు సన్నగిలినది. తూముదగ్గఱ నొక వృద్ధుడు గొడుగుక్రింద కూర్చుండి మేకలను కాచుకొనుచుండెను. మా అమ్మాయి తూమునుగూర్చి నన్ను ప్రశ్నించుచుండగా, నేను పుస్తకములో చదివినది చెప్పుచుండగా, ఆయన విని ఊరకుండలేక లేచివచ్చి, నీరు ఏ మేరకు నిలిచినప్పుడు ఎంత విడువవలెనో, ఏ కాలువ ముందు, ఏ కాలువ వెనుకనో, చివరిమడి యెండకుండ మొదటిమడివాని నెట్లు ఆపవలెనో చెప్పసాగెను. మా పుస్తకములలో లేని శాస్త్రము. తన తండ్రి నీరటికాడట. మన తెలంగాణ గ్రామములలో చెఱువునీరు పొలములకు పంచువానికి ఆ పేరు. కళ్లములో ధాన్యపు వంతు ఆయనకు జీతము. చాల గ్రామములలో ఈ పని అస్పృశ్యులని ఊరిబయట నుంచిన కులములవారిదే.

"తూము తీసేటోళ్లము మేమే, సారూ," అనెను. "బాయికాడ ఎవలన్న పోస్తరేమోనని కుండ పట్టుకొని నిలవడేటోళ్లము గూడ మేమే."

ఈ మాట ఆయన కోపముతో అనలేదు. మేకను అదలించుచు అనెను.

మహారాష్ట్రములోని మహాడ్ పట్టణమున 1927 మార్చి 20వ తేదీన అంబేడ్కరుగారు వేలకొలది జనముతో చవదార్ చెఱువునకు నడచిపోయి ఆ నీరు త్రాగిరి. అంతకు మూడేండ్లముందే, 1924లో, ఆ యూరి పురపాలకసంఘమువారు చెఱువు అందఱిదియు నని తీర్మానించియుండిరి. తీర్మానము కాగితముమీద నుండెను, నీరు చెఱువులో నుండెను. నడుమ దారిలో మనుష్యులుండిరి. ఆయన నీరు త్రాగిన పిదప అగ్రవర్ణములవారు పంచగవ్యములతో ఆ చెఱువును శుద్ధిచేసిరి. గేదెలు దిగినప్పుడు వారికి శుద్ధి యవసరము కాలేదు. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 15వ అధికరణమున బావులను, చెఱువులను, స్నానఘట్టములను పేరుపెట్టి చెప్పవలసివచ్చినది. ఒక మహాజాతి తన రాజ్యాంగములో చెఱువులమాట వ్రాసికొనవలసి వచ్చెనన్నచో, చెఱువుగట్టున ఎన్ని వందల యేండ్లు ఎంతమంది కుండలు పట్టుకొని నిలుచుండిరో యోజింపవచ్చును.

భోజనవేళయైనది. ఒక ఉసిరిచెట్టు నీడలో విస్తళ్లు పఱచితిమి. మా అక్క ఐదవ విస్తరి వేసి "రా పెద్దయ్యా, కూసో" అని పిలిచినది. ఆయన విస్తరి చేతబట్టుకొని, పులిహోర పెట్టించుకొని, నాలుగు బారల దూరముననున్న మద్దిచెట్టువైపు నడువసాగెను. నేను "ఇక్కడనే కూర్చుండుము, మాకు పట్టింపులు లేవు" అంటిని.

ఆయన నిలిచి నావైపు చూచెను. "ఇయ్యాల అడవిల కూసోమంటున్నరు, సారూ. రేపు ఊళ్లె కూసోమంటరా?"

నాకు సంస్కృతమున కొంత పాండిత్యము కలదు, ఇంగ్లీషు ఇరువదియేండ్లుగా బోధించుచున్నాను. ఆ ప్రశ్నకు ఏ భాషలోను మాట తోచలేదు. నేను కూర్చుండుమనుట నిజమే, మా యింటివఱకు ఆ మాట నిలుచుననుటయు నిజమే. కాని ఆయన యడిగినది మా యింటినిగూర్చి కాదు, ఊరినిగూర్చి. నా పలుకుబడి యెంతదూరము పోవునో ఆయనకు నాకంటె బాగుగా తెలియును. మేము సాయంకాలమునకు హనుమకొండ చేరుదుము. ఆయన ఆ యూరిలోనే యుండవలెను.

అంతలో మా అక్క తన విస్తరి తీసికొని లేచి, మద్దిచెట్టుక్రిందికి పోయి, ఆయన కెదురుగా చతికిలబడినది. "ఊరిసంగతి నాకు తెల్వది, పెద్దయ్యా. నన్ను గూడ అందరితోని కూసోమన్నోళ్లు లేరు. ఇల్లు చెప్త, హనుమకొండకు వచ్చినప్పుడు రా" అన్నది. ఆయన పెద్దగా నవ్వెను. "వస్త గని, అమ్మా, బస్సుకిరాయి ఎవలిస్తరు?" అనెను. ఇరువురును తినసాగిరి. మఱికొంతసేపటికి మేము మువ్వురము మా విస్తళ్లెత్తుకొని అక్కడికే పోయితిమి. ఆ చెట్టుక్రింద నీడ తక్కువ, ఎండ ముఖమున కొట్టుచుండెను. అయినను ఎవరును కదలలేదు. పులిహోరలో ఉప్పు చాలలేదని ఆయన చెప్పెను. మా యింటివా రెవరును ఇంతవఱకు ఆ మాట చెప్పలేదు.

మరలివచ్చునప్పుడు బండిలో నా భార్య మా పట్టణపు ఇండ్లమాట యెత్తినది. చదువుకొన్న యిండ్లు, పుస్తకములబీరువాలున్న యిండ్లు. వంటయింటి కిటికీలో పనిమనిషికై వేఱుగా నొక స్టీలుగ్లాసు బోర్లించియుండును. అంటు అను మాట యెవరును అనరు. "ఆమె గ్లాసు" అందురు. సభలలో కులనిర్మూలనమును గూర్చి మాటాడు మనము ఆ గ్లాసును చూచియు చూడనట్లు టీ త్రాగి వచ్చుచున్నాము. ఇకమీదట తాను పోయిన యింట ఆ గ్లాసులోనే తనకు టీ పోయుమని అడిగెదనని నా భార్య యన్నది. ఈ నెలలో రెండిండ్లలో అడిగినది. ఒక యింట తెల్లబోయి క్రొత్తగ్లాసు తెచ్చిరట. రెండవ యింట నేమియు మాటాడక అందులోనే పోసిరట. ఆ గ్లాసు ఇప్పుడు తక్కినవానితో కలిసి బల్లపై నున్నదో లేదో, మఱల పోయినప్పుడు చూడవలెను.

మా తరగతి పిల్లలను పాకాలకు తీసికొనిపోవుటకు పెద్దలు అనుమతి యిచ్చిరి. పిల్లలు నలువదియిద్దఱు. ఎవరి డబ్బా వారు తెచ్చుకొని, అన్నియు ఒకచోట నుంచి, మోదుగ విస్తళ్లలో కలిపి పంచుకొని తినవలెనని యేర్పాటు. తూముదగ్గఱ నీరటికాని కొడుకుచేత పాఠము చెప్పించవలెనని నా కోరిక. ఆయనకు బస్సుకిరాయి పనిలేదు, మేమే పోవుచున్నాము. తల్లిదండ్రుల సమ్మతికై జాబులు పంపితిని. నలువదిమంది సంతకములు పెట్టి పంపిరి. ఇద్దఱు మాత్రము, తమ పిల్లలు ప్రత్యేకముగా కూర్చుండి తమ డబ్బాలోనిది తినవచ్చునా యని వ్రాసిరి. అం దొకరు బిడ్డకు ఒంట్లో బాగుండదని కారణము చెప్పిరి. వైద్యుడు చెప్పిన పథ్యమైనచో అభ్యంతరము లేదని, కూర్చుండుట మాత్రము అందఱితోనే యని ఆయనకు ప్రత్యుత్తరము వ్రాసితిని. రెండవవారు కారణమేమియు వ్రాయలేదు. ఎల్లుండి సాయంకాలము స్వయముగా వచ్చి మాటాడెదనని ఫోను చేసిరి. ఆయనకు గూడ పులిహోర కలుపుమని, ఈమాఱు ఉప్పు చూచి వేయుమని, మా అక్క నాతో చెప్పినది.